నిప్పులేని పొగ

నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్దలు చెప్పిన సామెత. ఆ సామెతను ధిక్కరించినట్లు కనిపించే చిన్న పరికరము ఒకటి ఈ శతాబ్దారంభములో పుట్టి, రెండు దశాబ్దములు తిరుగకుండానే దేశదేశములకు వ్యాపించినది. దానికి అగ్గిపుల్లతో పని లేదు. దాని కొసనుండి బూడిద రాలదు. అయినను దానిని పెదవులకు ఆనించి పీల్చినవాని నోట తెల్లని మబ్బు వెలువడుతుంది. దీనినే ఎలక్ట్రానిక్ సిగరెట్టు అని వ్యవహరిస్తున్నారు. నిప్పు లేకుండా వచ్చే ఆ తెల్లని పదార్థము పొగయా, ఆవిరియా, లేక ఈ రెండును కాని మరొకటియా? ఈ ప్రశ్నకు సమాధానము బయటి నునుపులో లేదు, లోపలి భాగములలో ఉన్నది. ఆ భాగములలో ముఖ్యమైనది ఎటమైజరు. దానిని విప్పి, ఏది ఎక్కడ ఉన్నదో, ఏది ఏ పని చేస్తున్నదో చూడడమే నేటి ప్రసంగ విషయము.

విప్పడమంటే మాటలతో విప్పడమే. మన దేశములో ఈ పరికరము నిషిద్ధవస్తువు. 2019 సెప్టెంబరు 18వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా దీనిని నిషేధించినది. అదే సంవత్సరము డిసెంబరులో ఆ ఆర్డినెన్సు స్థానములో పార్లమెంటు చేసిన చట్టము అమలులోనికి వచ్చినది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకము, పంపిణీ, నిల్వ, ప్రకటన, ఇవన్నీ ఆ చట్టము ప్రకారము నేరములు. కాబట్టి దీనిని ఎవరును తెచ్చి బల్లమీద పెట్టుకొని విప్పనక్కరలేదు.

నిషేధించిన వస్తువును గురించి తెలుసుకోవడమెందుకని ఎవరైనా అడుగవచ్చును. నిషిద్ధమైన వస్తువు దొంగదారిన రాకుండా పోదు. ఇది కలము రూపములోను, కంప్యూటరుకు తగిలించే చిన్న బిళ్ల రూపములోను చదువుకొనే పిల్లల సంచులలోనికి చేరగలదు. అది మంచిది కాదని పిల్లవానితో చెప్పడము తేలికే. కాని వాడు తలయెత్తి, "ఇందులో పొగ లేదు గదా, ఇది ఉత్త నీటి ఆవిరే గదా" అని ఎదురు ప్రశ్న వేస్తే తల్లిదండ్రులు ఏమి చెప్పాలి? కోపపడితే ప్రశ్న మూతపడుతుందే గాని తీరదు. వాని మాటలో సగము నిజమున్నది, సగము అబద్ధమున్నది. ఏది ఏ సగమో తేల్చడానికి వస్తువు నిర్మాణము తెలియాలి.

మొదట దీని పుట్టుక చెప్పుకొందాము. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ అనే ఆయన పొగాకు లేని, పొగ రాని సిగరెట్టు ఒకటి ఊహించి 1963లో పేటెంటు కోసము దరఖాస్తు చేశాడు. 1965లో పేటెంటు లభించినది. కాలే పొగాకుకు బదులు, బ్యాటరీతో వేడిచేసిన తడిగాలిని సువాసనతో పీల్చడము ఆయన ఊహ. అందులో నికొటిన్ లేదు. ఆ ఊహ వ్యాపారముగా నిలువలేదు. తరువాత సుమారు నలభై సంవత్సరములకు, 2003లో, చైనాకు చెందిన హాన్ లిక్ అనే ఔషధశాస్త్రజ్ఞుడు నికొటిన్ గల ద్రవముతో పనిచేసే పరికరమును రూపొందించాడు. ఆయన స్వయముగా పొగత్రాగే అలవాటు గలవాడు. ఆయన తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడు. హాన్ లిక్ మొదటి నమూనాలో ద్రవమును తుంపర చేయడానికి అతిధ్వని కంపనములను ఆశ్రయించాడు. చెవికి వినరానంత వేగముగా కంపించే చిన్న బిళ్ల ద్రవమును చెదరగొడుతుందన్న మాట. తరువాత వచ్చిన తయారీదారులు ఆ పద్ధతిని విడిచి, అంతకంటె చౌకయైన వేడితీగను స్వీకరించారు. నేడు ప్రపంచములో అమ్ముడుపోయే వానిలో అత్యధికభాగము ఈ వేడితీగ రకములే. మనము విప్పబోయేది కూడా అదే.

ఎటమైజరు అనే పేరు విని, ఇది పరమాణువులను చీల్చే యంత్రమేమోనని భ్రమపడనక్కరలేదు. ద్రవమును సూక్ష్మమైన తుంపరగా మార్చే సాధనములకు ఈ పేరు పూర్వమునుండి ఉన్నది. రబ్బరు బుడ్డి నొక్కి చిమ్మే అత్తరు సీసా, దోమలమీద మందు కొట్టే చేతిపంపు, ఈ కోవకు చెందినవే. అయితే వానికీ దీనికీ ఒక భేదమున్నది. చేతిపంపులో గాలి వేగముగా వచ్చి గొట్టపు మూతిని ఒరుసుకొనిపోతుంది. అక్కడ పీడనము తగ్గి ద్రవము పైకి లేస్తుంది. లేచిన ద్రవమును ఆ గాలియే చీల్చి తుంపర చేస్తుంది. అక్కడ వేడితో నిమిత్తము లేదు. ఎలక్ట్రానిక్ సిగరెట్టులో జరిగేది వేరు. ముందు ద్రవము మరిగి కంటికి కనబడని ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి వెంటనే చల్లబడి తిరిగి ద్రవబిందువులు అవుతుంది. మరగడము, మళ్లీ బిందువులు కావడము, ఈ రెండు మెట్లను మనస్సులో ఉంచుకొంటే మిగిలినదంతా సులభముగా బోధపడుతుంది.

ఇక విప్పుదాము. పరికరమును నిలువుగా పట్టుకొని చూస్తే రెండు ఖండములుగా ఉంటుంది. క్రిందిది బ్యాటరీ ఖండము. పైది ద్రవమూ, ఎటమైజరూ ఉండే ఖండము. కొన్నిటిలో ఈ రెండును మరలతో బిగించి ఉంటాయి. కొన్నిటిలో విడదీయడానికి వీలులేకుండా ఒకటిగా అతికి ఉంటాయి.

బ్యాటరీ ఖండములో లిథియం అయాన్ బ్యాటరీ ఉంటుంది. ఇప్పటి జేబుఫోనులలో ఉండేది ఈ జాతి బ్యాటరీయే. దాని సగటు వోల్టేజి 3.7 వోల్టులు. మీట నొక్కితే పనిచేసే రకములు కొన్ని, పీల్చినంతమాత్రాన పనిచేసేవి కొన్ని. పీల్చడమును యంత్రము ఎట్లు గ్రహిస్తున్నదో రేడియో శ్రోతలకు విశేషముగా తోచవచ్చును. నేను మాట్లాడే ఈ మైక్రోఫోనుకు దగ్గర చుట్టమొకటి ఆ పరికరములో కూర్చొని ఉన్నది. కండెన్సరు మైక్రోఫోనులో పలుచని పొర ఒకటి, దానికి అతి సమీపములో ఒక పలక ఉంటాయి. ధ్వని తగిలినప్పుడు పొర కదులుతుంది. పొరకూ పలకకూ మధ్య ఎడము మారి, విద్యుత్తులో దానికి తగిన మార్పు కలుగుతుంది. ఎలక్ట్రానిక్ సిగరెట్టులో ధ్వనికి బదులు పీల్పు. నోటితో లాగినప్పుడు గాలి పీడనము తగ్గి పొర వంగుతుంది. ఆ వంపును చిన్న విద్యుత్పరికరము కనిపెట్టి, బ్యాటరీనుండి తీగకు ప్రవాహమును వదలుతుంది. పీల్పు ఆగగానే ప్రవాహమును కట్టివేస్తుంది. సిగరెట్టు ఆకారముననే చేసిన కొన్నిటిలో అదే క్షణమున కొసన ఒక చిన్న దీపము వెలుగుతుంది. అది నిప్పు కాదు, నిప్పు వేషము.

ఇప్పుడు పై ఖండము. నోటికి ఆనే మూతిని తీసివేస్తే లోపల ద్రవముండే తొట్టి కనిపిస్తుంది. తొట్టి నడుమ నిలువుగా ఒక సన్నని గొట్టము. పొయ్యిమీది పొగగొట్టమువలె అది క్రిందనుండి పైకి మూతివరకు పోతుంది. ఆ గొట్టము అడుగున, వ్రేలిగోరంత చోటులో, ఈ యంత్రమునకు ప్రాణమైన జంట ఉన్నది. అవి ఒక వత్తి, ఆ వత్తికి చుట్టిన ఒక తీగ. వత్తి కొనలు రెండును గొట్టము ప్రక్కనున్న రంధ్రములగుండా తొట్టిలోని ద్రవములో మునిగి ఉంటాయి. వత్తి నడుము గాలిదారికి అడ్డముగా ఉంటుంది. ఆ నడుముకే తీగ చుట్టి ఉంటుంది. తీగ రెండు కొనలు క్రిందికి దిగి, మధ్య రబ్బరువంటి విద్యున్నిరోధకపు ఉంగరముతో వేరుచేసిన రెండు లోహభాగములకు తగిలి, బ్యాటరీతో కలుస్తాయి. కొన్నిటిలో వత్తి లోపల ఉండి తీగ పైన చుట్టి ఉంటుంది. కొన్నిటిలో తీగ గొట్టమువలె లోపల ఉండి దూది దానిని బయట కప్పి ఉంటుంది. అమరిక మారినా ధర్మము మారదు. పొగాకు చుట్టను ఎరిగిన మనకు ఇందులోను చుట్ట ఒకటి ఉన్నదని చెప్పవచ్చును, కాని ఇది తీగచుట్ట.

తీగ సంగతి ముందు చూద్దాము. విద్యుత్తు ప్రవహించేటప్పుడు తీగ దానిని ఎంతగా అడ్డగిస్తే అంతటి నిరోధము గలదని అంటాము. ఆ అడ్డగింపువల్లనే వేడి పుడుతుంది. ఇంటిలోని ఇస్త్రీపెట్టె, విద్యుత్పొయ్యి ఈ సూత్రముమీదనే పనిచేస్తున్నవి. వానికి వాడే నిక్రోము అనే నికెలు, క్రోమియముల మిశ్రలోహమునకు అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. ఎటమైజరులలో నిక్రోముతోపాటు, ఇనుము, క్రోమియము, అల్యూమినియము కలిసిన కాంథాల్ అనే స్వీడన్ దేశపు మిశ్రలోహము కూడా వాడుకలో ఉన్నది. ఈ లోహములు ఎర్రగా కాగినా త్వరగా తుప్పుపట్టి తెగిపోవు. వానిపైన పలుచని ఆక్సైడు పొర ఏర్పడి లోపలి లోహమును కాపాడుతుంది.

ఇక చిన్న లెక్క. తీగ మందము 0.2 మిల్లీమీటర్లు అనుకొందాము. అంత సన్నని కాంథాల్ తీగలో 2 ఓముల నిరోధము రావడానికి 4 సెంటీమీటర్లకు కొంచెము పైగా పొడవు చాలును. అంతే మందము గల రాగితీగ అయితే మూడున్నర మీటర్లకు పైగా కావలెను. వ్రేలిగోరంత చోటులో వేడిని పుట్టించడానికి రాగి పనికిరాకపోవడము ఇందువల్లనే. 3.7 వోల్టుల బ్యాటరీకి 2 ఓముల తీగను తగిలిస్తే 1.85 ఆంపియర్ల ప్రవాహము వస్తుంది. అనగా సుమారు 7 వాట్ల శక్తి. మూడు క్షణములు, అంటే మూడు సెకండ్లు పీలిస్తే వెలువడే వేడి 21 జౌళ్లు. ఒక గ్రాము నీటిని 5 డిగ్రీలు మాత్రమే వెచ్చజేయగల వేడి ఇది. ఇంతటి స్వల్పమైన వేడితో ద్రవము మరగడము ఎట్లని సందేహము కలుగవచ్చును. వేడి తక్కువే గాని, దాని ఎదుట నిలిచే ద్రవము అంతకంటె తక్కువ. ఒక పీల్పులో ఆవిరయ్యేది కొన్ని మిల్లీగ్రాములే. బిందెడు నీటిని కాచడానికి కట్టెలమోపు కావాలి. ఆవగింజమీది తడిని ఆర్చడానికి ఒక అగ్గిపుల్ల చాలదా? ఇదియును అట్టిదే.

ఆ స్వల్పమైన ద్రవమును, కావలసినంత మాత్రమే, కావలసిన చోటికి తెచ్చి ఇచ్చేది వత్తి. వత్తి సంగతి మన ఇళ్లకు కొత్తది కాదు. దీపపు కుందెలో నూనె అడుగున ఉంటుంది, జ్వాల పైన ఉంటుంది. ఎవరును తోడిపోయకుండానే నూనె పైకి ప్రాకుతుంది. నూలుపోగుల మధ్యనున్న సన్నని సందులలో ద్రవము తనంతట తాను ఎక్కడమును కేశనాళిక చర్య అంటారు. ఎటమైజరులో ఈ పనికి దూదినిగాని, గాజుజాతికి చెందిన సిలికా పోగుల త్రాటినిగాని వాడుతారు. మన ఇళ్ల గోడలకు తగిలించే దోమలమందు పరికరము దీనికి ఇంకా దగ్గర పోలిక. అందులోను మందుసీసా ఉన్నది, వత్తివంటి పుల్ల ఉన్నది, దాని తల చుట్టూ వెచ్చని ఉంగరమున్నది. ఆ యంత్రము ఒక సీసాను అనేక రాత్రులపాటు మెల్లమెల్లగా గదిలోనికి వదలుతుంది. ఈ యంత్రము క్షణములలో, గదిలోనికి కాక, నేరుగా ఊపిరితిత్తులలోనికి పంపుతుంది. గోడకున్న మందుపరికరమును నోట పెట్టుకొని పీల్చమంటే ఎవరైనా పీలుస్తారా?

ఆ ద్రవములో ఏమున్నదో ఇప్పుడు చూడాలి. అందులో అధికభాగము ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్ అనే రెండు పదార్థములు. రెండును చిక్కగా, రంగు లేక, కొంచెము తియ్యగా ఉండేవి. రెండింటిని ఆహారపదార్థములలోను, మందులలోను వాడుతూనే ఉన్నారు. వీనికి తోడు నికొటిన్, వాసనద్రవ్యములు, కొన్నిటిలో కొంచెము నీరు. నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల వద్ద, నికొటిన్ 247 డిగ్రీల వద్ద, గ్లిసరిన్ 290 డిగ్రీల వద్ద మరుగుతాయి. ఈ అంకెలు చూస్తేనే ఉత్త నీటి ఆవిరి అన్న మాట నిలువదని తెలుస్తున్నది. తీగ వేడికి లేచేది ముఖ్యముగా గ్లైకాలు, గ్లిసరినుల ఆవిరి. వాని వెంట నికొటిన్ ప్రయాణము చేస్తుంది.

ఆ మాటకు వస్తే, కంటికి కనిపించే తెల్లని మబ్బు అసలు ఆవిరియే కాదు. ఇడ్లీపాత్ర మూతకున్న రంధ్రమును పరిశీలించి చూడండి. రంధ్రమునకు ఆనుకొని అంగుళము మేర ఏమీ కనిపించదు. ఆ పైన తెల్లని పొగవంటిది మొదలవుతుంది. ఏమీ కనిపించని ఆ అంగుళమే నిజమైన ఆవిరి. తెల్లగా కనిపించేది చల్లగాలి తగిలి మళ్లీ నీటిబిందువులైన భాగము. ఎటమైజరులో కూడా తీగను విడిచిన ఆవిరి, పీల్పుతో క్రిందినుండి వచ్చే చల్లగాలిలో కలిసి, నడిమి గొట్టములోనే మంచుతుంపరవంటి బిందువులు అవుతుంది. ఒక్కొక్క బిందువు మిల్లీమీటరులో వెయ్యోవంతుకంటె కూడా చిన్నది. ఇంత సూక్ష్మమైనవి గనుకనే అవి గొంతులో ఆగిపోక, ఊపిరితిత్తుల లోతులకు గాలితోపాటు చేరగలవు. నికొటిన్ రక్తములో కలిసేది అక్కడనే. కాబట్టి మబ్బు పొగ కాదన్నది నిజము. అది నీటి ఆవిరి అన్నది అబద్ధము. పిల్లవాని మాటలో మనము వెదకిన రెండు సగములు ఇవే.

ఇంతవరకు యంత్రము సక్రమముగా నడిచే తీరు చెప్పుకొన్నాము. సక్రమముగా నడవడమనేది ఒక సమతూకముపైన ఆధారపడి ఉన్నది. తీగ ఎంత వేగముగా ద్రవమును ఆవిరి చేస్తే, వత్తి అంత వేగముగా కొత్త ద్రవమును తెచ్చి పెట్టాలి. తీగకు తడి అందుతున్నంతకాలము పుట్టిన వేడిలో ఎక్కువభాగము ద్రవమును మరిగించడానికే ఖర్చవుతుంది. అందుచేత తీగ మితిమీరి కాగదు. నీరున్నంతవరకు అన్నము మాడకపోవడానికి కారణము కూడా ఇదే. నీరు ఇగిరిన క్షణమునుండి గిన్నె అడుగు వేడి ఒక్కసారిగా పెరిగి మాడు పడుతుంది. ఎటమైజరులో తొట్టి అడుగంటినా, పీల్పు మీద పీల్పుగా ఎడతెరపి లేకుండా లాగినా, శక్తి హెచ్చించి వాడినా, ద్రవము చిక్కనై వత్తిలో మెల్లగా ప్రాకినా, తీగ చుట్టూ వత్తి ఎండుతుంది. ఎండిన చోట తీగ ఉష్ణోగ్రత అనేక వందల డిగ్రీలకు ఎగబ్రాకుతుంది. దూది కమురుతుంది.

అప్పుడు లోపల జరిగేది మరగడము కాదు, పదార్థము విరిగిపోవడము. గ్లైకాలు, గ్లిసరిన్ అణువులు ముక్కలై ఫార్మాల్డిహైడు, ఎసిటాల్డిహైడు, ఎక్రోలీను అనే కొత్త పదార్థములు పుడతాయి. మొదటిది శరీరభాగములను చెడకుండా నిల్వచేయడానికి వైద్యకళాశాలలలో వాడే ఫార్మలిన్ ద్రావణములోనిది. క్యాన్సరును కలిగించే పదార్థముల జాబితాలో కూడా అది ఉన్నది. ఎక్రోలీనును గృహిణులందరు పేరు తెలియకుండానే ఎరుగుదురు. బాణలిలో నూనె మితిమీరి కాగి పొగలు వచ్చినప్పుడు కళ్లు మండించి, గొంతు పట్టివేసి, దగ్గు తెప్పించే ఘాటు వాయువులో అది ముఖ్యమైనది. నూనెలోని గ్లిసరిన్ భాగము విరిగినప్పుడు పుట్టేది అదే. వంటయింటిలో ఆ ఘాటు రాగానే కిటికీ తెరుస్తాము. ఈ పరికరములో అది పుట్టే చోటు పెదవులకు రెండంగుళముల దూరములో ఉన్నది. వత్తి పూర్తిగా ఎండినప్పుడు రుచి భరింపరానిదై మనిషి తానే ఆపుతాడు. కాని పూర్తిగా ఎండకముందు, కొంచెము కొంచెముగా వేడి హెచ్చుతున్న దశలో, పళ్లవాసనలు ఆ ఘాటును కప్పిపుచ్చగలవు.

తీగనుండి కూడా కొంత రాలుతుంది. 2018లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 56 మంది వాడుతున్న పరికరములను తీసుకొని పరీక్షించారు. సీసాలోని ద్రవమును, తీగను తాకిన తరువాత తొట్టిలో మిగిలిన ద్రవమును, వెలువడిన తుంపరను విడివిడిగా పరిశీలించారు. సీసాలో అత్యల్పముగా ఉన్న సీసము, నికెలు, క్రోమియము వంటి లోహములు తుంపరలో హెచ్చుగా కనిపించినవి. లోహము ఎక్కడినుండి వచ్చినదో చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు. పొయ్యిమీద గరిట అరిగితే మనము కూరలో వెదకుతాము. ఇక్కడ అరిగిన లోహము ఊపిరిలో ఉన్నది.

వాసనద్రవ్యముల విషయములో ఒక వాదము తరచు వినవస్తుంది. ఇవి తినుబండారములలో వాడేవే గదా, తింటే చేటు చేయనివి పీలిస్తే చేస్తాయా అని ఆ వాదము. చేస్తాయనడానికి రెండు నిదర్శనములు చెప్పుకొందాము. వెన్నవాసన కోసము ఆహారములలో కలిపే డైఎసిటైల్ అనే పదార్థమున్నది. 2000లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రములో పేలాలు తయారుచేసే ఒక కర్మాగారములో పనిచేసినవారికి, ఆ వెన్నవాసన ఆవిరులను పీల్చడముచేత, ఊపిరితిత్తులలోని సన్నని గాలిగొట్టములు పూడుకొనిపోయే తీవ్రమైన వ్యాధి వచ్చినట్లు బయటపడినది. ఆ పేలాలను తిన్నవారికి ఏమీ కాలేదు. రెండవది 2019లో జరిగినది. ఈ రకపు పరికరములు వాడుతున్న యువకులు అమెరికాలో వేగముగా ఊపిరి అందని స్థితికి వచ్చి ఆసుపత్రులలో చేరసాగారు. 2020 ఫిబ్రవరి నాటికి ఆసుపత్రిలో చేరినవారును మరణించినవారును కలిసి 2,807 మంది, వారిలో మరణించినవారు 68 మంది. గంజాయి సారము గల ద్రవములను చిక్కపరచడానికి దొంగచాటు వ్యాపారులు కలిపిన విటమిన్ ఈ ఎసిటేటు అందుకు ముఖ్యకారణమని పరిశోధనలో తేలినది. అదే పదార్థమును మాత్రగా మ్రింగితే హాని లేదు, చర్మమునకు రాసుకొంటే హాని లేదు. కడుపుకు జీర్ణించుకొనే శక్తి ఉన్నది. కాలేయము వడపోస్తుంది. ఊపిరితిత్తులు గాలికోసము చేసినవి. వానికి అరిగించుకొనే ఉపాయము లేదు.

న్యాయముగా మాట్లాడాలంటే రెండవ ప్రక్కను కూడా చెప్పాలి. సిగరెట్టు కొసన, పీల్చినప్పుడు, ఉష్ణోగ్రత 900 డిగ్రీల వరకు పోతుంది. ఆ మంటలో పొగాకు కాలి వేలకొలది రసాయనములు, మసి, విషవాయువైన కార్బన్ మోనాక్సైడు పుడతాయి. వత్తి తడిగా ఉన్న ఎటమైజరులో ఆ మంట లేదు గనుక వానిలో అనేకములు లేవు, కొన్ని తక్కువ. దీనిని ఆధారము చేసుకొనియే బ్రిటన్‌లో, ఏండ్ల తరబడి సిగరెట్టు త్రాగి మానలేనివారు దానిని మానడానికి ఒక మెట్టుగా దీనిని వాడుకోవచ్చునని ఆరోగ్యశాఖవారు చెప్పుతున్నారు. అట్టి బ్రిటన్ కూడా, పిల్లల చేతులలో పడుతున్నవని, ఒకసారి వాడి పారవేసే రకముల అమ్మకమును 2025 జూన్ 1 నుండి నిషేధించినది. మన ప్రభుత్వము 2019లోనే మొత్తమును నిషేధించినది. దేశములు వేరువేరు నిర్ణయములకు వచ్చినా, ఒక విషయమున భేదము లేదు. ఎన్నడును పొగత్రాగని పిల్లవాడు దీనిని మొదలుపెట్టడమువల్ల వానికి కలిగే లాభము ఏమీ లేదు. సిగరెట్టుకంటె తక్కువ హాని అన్న మాట సిగరెట్టు త్రాగేవానికి వర్తించవచ్చును. శుభ్రమైన గాలి పీల్చేవానికి వర్తించదు.

ఎందుకంటే యంత్రము ఎంత మారినా నికొటిన్ మారలేదు. పొగాకు పండించే మన గుంటూరు, ప్రకాశము ప్రాంతముల రైతులకు ఆ ఆకు గుణము తెలియనిది కాదు. పొగాకు కషాయమును పైరులమీది పేనుబంకకు మందుగా చల్లే వాడుక పూర్వమునుండి ఉన్నది. పురుగును చంపే ఆ గుణము నికొటిన్‌దే. మొక్క తనను కొరికే పురుగులనుండి తనను కాపాడుకోవడానికి తయారుచేసుకొన్న విషమది. స్వల్పమోతాదులో అది మనిషి మెదడును తాకి, మరల మరల కావాలనిపించే అలవాటును నాటుతుంది. ఇరువది అయిదేండ్లు రాకముందు, మెదడు ఇంకా ఎదుగుతున్న వయస్సులో, ఆ అలవాటు మరింత లోతుగా నాటుకొంటుంది. సిగరెట్టు మొదటి దమ్ముకు దగ్గు వచ్చి అనేకులు వెనుకకు తగ్గేవారు. ఇందులో మామిడిపండు వాసన, పుదీనా చల్లదనము ఆ హెచ్చరికను నోరెత్తనీయవు.

ఇంటివారు గుర్తుంచుకోదగిన జాగ్రత్తలు రెండున్నవి. ఆ ద్రవమును పసిపిల్లలు తియ్యని మందనుకొని మ్రింగితే ప్రాణాపాయము. చర్మముమీద ఒలికినా నికొటిన్ లోనికి ఇంకుతుంది, కాబట్టి వెంటనే నీటితో బాగుగా కడిగి, మ్రింగినట్లు అనుమానమున్నచో ఆలస్యము చేయక వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. రెండవది బ్యాటరీ. లిథియం బ్యాటరీ నలిగినా, చిట్లినా, దాని కొనలు జేబులోని నాణెములకు తాళపుచెవులకు తగిలి కలిసినా, మండి పేలవచ్చును. అట్టి పరికరము ఇంట దొరికితే దానిని సుత్తితో పగులగొట్టడముగాని, పొయ్యిలో వేయడముగాని చేయరాదు.

విప్పిన భాగములను ఇప్పుడు వరుసగా పేర్చి చూడండి. ఒక బ్యాటరీ, మైక్రోఫోను వంటి ఒక పొర, జానెడైనా లేని తీగ, చిటికెడు దూది, కొన్ని చుక్కల ద్రవము. మన ఇంటి దీపములో, దోమలమందులో, ఇస్త్రీపెట్టెలో లేని విద్య ఇందులో ఏమీ లేదు. తెలియనంతవరకే దీనికి ఇంద్రజాలము. పిల్లవాడు దీనివైపు ఆకర్షింపబడేది చాలవరకు ఆ ఇంద్రజాలమునకే. వానిని కూర్చుండబెట్టి, తీగ ఎందుకు కాగుతుందో, వత్తి ఎందుకు తడిగా ఉండాలో, ఎండితే ఏమి పుడుతుందో, మబ్బులో ఏమున్నదో సావధానముగా చెప్పగలిగిన తల్లిదండ్రుల మాటకు, కేవలము వద్దన్న మాటకు లేని బలముంటుంది. వాని ప్రశ్నకు మర్యాద ఇచ్చినట్లును అవుతుంది, వాని ఊపిరికి కాపు పెట్టినట్లును అవుతుంది.

మన సామెత ఓడిపోలేదు. ఈ పరికరములోను నిప్పు ఉన్నది. బయటికి కనిపించకుండా, వత్తి చాటున, నాలుగు సెంటీమీటర్ల తీగలో దాగి ఉన్నది.